మరుగుదొడ్డి చూడ్డానికి వెళ్ళిన ముగ్గురం

రాజోలు నుంచి కొత్తపేట వైపు ప్రయాణమయ్యే ఆడవాళ్ళకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. మగవాళ్ళు చదివినా తప్పులేదు గాని, ఈ దారిలో వాళ్ళకి తెలుసుకోవలసిందేమీ లేదు. బస్సు ఎక్కడ ఆగితే అక్కడే వాళ్ళకి వసతి.

ఎనభయ్యో దశకం మొదట్లో మాట. నేను రాజోలు దగ్గర ఒక ఊళ్ళో హైస్కూలు సైన్సు టీచర్ని. మా ఊరి సంత కాలవ గట్టు మీద జరుగుతుంది. బస్సు ఆగేదీ అక్కడే. సంతకొచ్చే ఆడవాళ్ళకీ, బస్సు కోసం నిలబడే ఆడవాళ్ళకీ, దొడ్లు లేని మా బడిలోని పెద్దపిల్లలకీ గట్టు వెనక ఉన్న మొగలిపొదలే దిక్కు. ఆ స్థలం ఒక కొబ్బరి వ్యాపారి కొన్నాడు. పొదలు నరికించి చుట్టూ కంచె వేయించాడు. ఆయన స్థలం, ఆయన కంచె, తప్పు పట్టడానికి లేదు. కానీ అప్పటినుంచి నా తొమ్మిదో తరగతి గదిలో ఆడపిల్లల వరస పలచబడింది. నెలలో ఆ నాలుగు రోజులూ రావడం మానేశారు. కొందరు ఆ తర్వాత కూడా రాలేదు.

మేం కొందరు ఆడవాళ్ళం కలిసి, మరుగుదొడ్డి కట్టించమని అడగడానికి పంచాయతీ ప్రెసిడెంటు గారి దగ్గరికి వెళ్ళాం. ఆ మాట ఆడవాళ్ళ నోట వినడం ఆయనకి కొత్త. మొదట మొహం పక్కకి తిప్పుకున్నారు. కాసేపటికి, “నిజవేనండి, కట్టించాల్సిందే,” అన్నారు. అన్నమాట ప్రకారం గ్రాంటు కూడా తెప్పించారు. ఓవర్సీరు గారు సైకిలు మీద వచ్చి, మా బడి వరండాలో బల్ల మీద డ్రాయింగు పరిచారు.

“ఇదే నమూనాలో కొత్తపేట అవతల ఒక ఊళ్ళో కట్టేవండి. చాలా బాగా వచ్చింది. మీరు ఓసారి వెళ్ళి చూసి రండి. మార్పులేవైనా కావాలంటే ఇప్పుడే చెప్పాలి. సోమవారం పునాదికి ముగ్గు పోసేస్తాం,” అన్నారాయన.

మీకేం కావాలని మమ్మల్ని ఒకరు అడగడం అదే మొదటిసారి. అందుకని శనివారం నేను బడికి సెలవు పెట్టాను.

ముగ్గురం బయల్దేరాం. ఒకరు మా ఎస్తేరక్క. నాకంటే ఆరేళ్ళు పెద్దది. చిన్నతనంలో పోలియో వచ్చి కుడికాలు సన్నబడిపోయింది. చంకలో కర్ర పెట్టుకుని నడుస్తుంది. కాలితో తొక్కే మిషను కుదరదు కనక చేతిమిషను మీద జాకెట్లు కుడుతుంది. మా పేటలో పెళ్ళికూతురికి జాకెట్టు కుట్టాలంటే అక్కే కుట్టాలి. రెండో మనిషి గంగమ్మ, సంతలో ఎండుచేపలు అమ్ముతుంది. ఎనిమిది కాన్పులైన మనిషి. దగ్గినా తుమ్మినా ఆగదు ఆమెకి. “నాకు సందేల దాకా ఎన్నిసార్లు కావాలో నాకే తెల్దమ్మా. నే లోనికెళ్తే నా గంప ఎవురు సూత్తారు? అది కూడా అడగాల,” అని తనంతట తనే వస్తానంది.

ఆడవాళ్ళ ప్రయాణానికి సన్నాహం ముందురోజు మధ్యాహ్నమే మొదలవుతుంది. మగవాళ్ళు సీసాలో నీళ్ళు నింపుకుంటారు. మేం నీళ్ళు మానేస్తాం. అక్క శుక్రవారం మధ్యాహ్నం అన్నంలోకి మజ్జిగ కూడా పోసుకోలేదు. శనివారం పొద్దున్న ఆమె పెదాలు చూస్తే లంఖణం చేసిన మనిషిలా ఉన్నాయి.

రాజోల్లో ఆరుంబావు బస్సు ఎక్కాం. ముందు సీటు ఖాళీగానే ఉంది. కండక్టరు మర్యాదగానే అడిగాడు. “కర్ర టాపు మీద పడేద్దావాండి? దారికి అడ్డం.”

“కర్రని టాపు మీద వేస్తే నన్ను కూడా దానితోపాటే వెయ్యాలి బాబూ,” అంది అక్క. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కర్ర అక్క ఒళ్ళోనే ఉండిపోయింది.

తాటిపాకలో జనం ఎక్కారు. గన్నవరం అక్విడెక్టు మీద బస్సు నెమ్మదిగా నడిచింది. కింద నది, నది మీద కాలవ, కాలవ పక్కన మనం. ఆ దారిన వెళ్ళేవాళ్ళు కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే బాగుంటుంది. పొద్దుటి పొగమంచులో వైనతేయ తెల్లగా ఉంది. గంగమ్మ అటు చూడనే లేదు. అన్ని నీళ్ళు చూస్తే తనకి ఇంకా కష్టమని కళ్ళు మూసుకుంది.

అంబాజీపేటలో బస్సు ఆగిపోయింది. కొబ్బరికాయల లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా వెనక్కి వస్తూ కాలవ వైపు దిగబడింది. కూలీలు కాయలు దింపి మళ్ళీ ఎక్కించాలి. అరగంట పైనే పడుతుందన్నారు. బస్సు సగం ఖాళీ అయింది. ఖాళీ అయిన సగమూ మగవాళ్ళే. వలిచిన కొబ్బరి డొక్కల గుట్ట పక్కన వరసగా నిలబడ్డారు. పని కాగానే బీడీలు ముట్టించుకుని, కొబ్బరి ధర గురించి మాట్లాడుకుంటూ తీరిగ్గా వచ్చారు. మిగిలిన సగం, అంటే మేం, కూర్చున్నచోటే కూర్చున్నాం. మా వెనక సీటులో నిండుచూలాలు ఒకావిడ ముందు సీటు కమ్మీ పట్టుకుని కదలకుండా ఉంది. ఆమె వేళ్ళు తెల్లబడిపోయాయి. భర్త కిటికీలోంచి తొంగిచూసి, “టీ తాగుతావా?” అని అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

గంగమ్మ ఆగలేకపోయింది. దిగి, గుట్ట వెనక్కి వెళ్ళి, చీర కుచ్చిళ్ళు పరుచుకుని కూర్చుంది. ఎవరో ఈల వేశారు. తిరిగొచ్చి నా పక్కన కూలబడి, “నా వయసుకి కూడా ఈలేనా?” అంది. కోపంగా కాదు, నిజంగానే తెలియనట్టు అడిగింది.

అమలాపురం చేరేసరికి తొమ్మిదిన్నర. గడియార స్తంభం దగ్గర దిగాం. కొత్తపేట బస్సుకి గంట వ్యవధి ఉంది. పక్కనే ఒక హోటల్లో పెసరట్లు తిన్నాం. మనిషికి రూపాయిన్నర లోపే అయింది. అల్లం పచ్చడి బాగుంది. అక్క పెసరట్టు సగం తిని, కాఫీ వద్దంది. చేతులు కడుక్కుని వస్తూ, దొడ్డి ఎక్కడని నేను హోటలాయన్ని అడిగాను. ఆయన కళ్ళు గల్లాపెట్టె మీదే ఉంచి, “అది లాడ్జీలో దిగినోళ్ళకేనండి. బయటోళ్ళకిస్తే మాకు ఇబ్బంది,” అన్నాడు.

“మా అక్క కాళ్ళు బాగోలేని మనిషండి.”

“అయ్యో, అలాగాండి. కానీ అది మేడ మీద కదండీ,” అన్నాడు. అంటే, మేం లాడ్జీలో దిగినా లాభం లేదు.

హోటలు పక్క సందులో శుభ్రమైన పెంకుటిల్లు కనిపించింది. అరుగు మీద ఒక పెద్దావిడ కంద చెక్కు తీస్తోంది. నేను వెళ్ళి సంగతి చెప్పాను. ఆవిడ వెంటనే కత్తిపీట పక్కన పెట్టి లేచింది.

“అయ్యో పాపం, రండమ్మా రండి. ప్రయాణంలో ఆడవాళ్ళకి ఎంత కష్టం! మెల్లిగా ఎక్కించు తల్లీ, గడప ఎత్తు,” అని అక్క చెయ్యి పట్టుకోబోయింది. “ఏ ఊరమ్మా మీది?”

ఊరు చెప్పాను, అక్కడ టీచర్నని కూడా చెప్పాను.

“టీచరమ్మవా? బాగుంది. ఏం పేరు?”

“దయామణండి. అక్క పేరు ఎస్తేరు.”

ఆవిడ మొహంలో నవ్వు అలాగే ఉంది. చెయ్యి మాత్రం వెనక్కి వెళ్ళిపోయింది. ఇంట్లోకి ఒకసారి చూసి, “ఆయ్... ఇప్పుడే గుర్తొచ్చిందమ్మా. పనిమనిషి రాలేదు. దొడ్లో నీళ్ళు లేవు. ఏవీ అనుకోకు తల్లీ,” అంది. అరుగు పక్కనుంచి దొడ్లోని నుయ్యి కనపడుతూనే ఉంది. నూతి చుట్టూ కట్టిన పళ్ళెం మీద నిండు బిందెలు రెండున్నాయి. వాటి కేసి నేను చూశాను. నేను చూడ్డం ఆవిడ చూసింది. వెనక్కి వస్తుంటే, “జాగ్రత్తమ్మా, సందులో రాళ్ళున్నాయి,” అని కేకేసి చెప్పింది. మర్యాదకి ఎక్కడా లోటు రాలేదు.

సందు చివర అక్క ఆగి ఊపిరి పీల్చుకుంది. “వేరే పేరు చెప్పలేకపోయావా?”

“ఏం పేరు చెప్పమంటావు?”

“ఏదైనా. సరస్వతో లక్ష్మో. ఐదు నిమిషాలకి అరువు తెచ్చుకుంటే వాళ్ళేం తగ్గిపోతారు?” అంది.

పదిన్నర బస్సు పదకొండు కావస్తుండగా కదిలింది. మా ఎదురుగా అడ్డసీటులో డెబ్బై ఏళ్ళు దాటిన పెద్దాయన కూర్చున్నారు. పిలక, భుజం మీద ఉత్తరీయం, ఒళ్ళో గుడ్డసంచి. ముక్కామల వైపు ఎక్కడో వేదపాఠం చెప్పి వస్తున్నారట. అక్క కర్ర జారుతుంటే వంగి పట్టుకున్నారు.

“ఎందాకానమ్మా? పలివెల దర్శనానికా?”

“కాదండి. కొత్తపేట అవతల కొత్తగా మరుగుదొడ్డి కట్టేరట. చూడ్డానికి,” అన్నాను.

ఆయన సరిగా వినలేదనుకుని మళ్ళీ అడిగారు. మళ్ళీ చెప్పాను. పక్కవాళ్ళు కిసుక్కుమన్నారు. ఆయన నవ్వలేదు గాని, “మా కాలంలో ఇవన్నీ ఎక్కడివమ్మా? అందరూ బతకలేదా?” అన్నారు.

“మీ కాలంలో మీ ఇంట్లో ఆడవాళ్ళని ఎప్పుడైనా అడిగేరాండి?” అంది అక్క.

ఆయన బయటికి చూస్తూ ఉండిపోయారు. కోపం వచ్చిందేమోనని నాకు భయం వేసింది. దిగవలసిన చోటు రాగానే సంచి భుజాన వేసుకుని లేచి, అక్క దగ్గర ఆగారు. “అడగలేదమ్మా. ఇప్పుడు అడుగుదావంటే మనిషి లేదు,” అని దిగిపోయారు.

కొత్తపేటలో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. అక్కణ్ణుంచి రిక్షా మాట్లాడుకున్నాం. ఆ ఊరి పేరు నేను రాయను. అక్కడివాళ్ళు మా పట్ల చెడ్డగా ప్రవర్తించలేదు.

మరుగుదొడ్డి నిజంగానే అందంగా ఉంది. ఊరి సెంటర్లో, బస్సులు ఆగే చోట, తెల్లటి సున్నం వేసి, నీలం అక్షరాలతో ‘స్త్రీలు’ అని రాయించారు. ప్రారంభించినవాళ్ళ పేర్లతో పాలరాతి పలక ఉంది. తాళం లేదు, కంపు లేదు. లోపల నేల కడిగి ఆరేసినట్టు ఉంది. ఇంత శుభ్రంగా ఉంచుతున్నారే అని నేను ఆశ్చర్యపోయాను. ఎందుకు శుభ్రంగా ఉందో అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఆ గుమ్మం తిన్నగా టీకొట్టు బల్లల వైపు ఉంది. అక్కడ కూర్చున్న వాళ్ళకి చూడ్డానికి వేరే ఏమీ లేదు. అందులోకి వెళ్ళే ఆడది ఎప్పుడు వెళ్ళిందో, ఎంతసేపు ఉందో, ఎప్పుడు వచ్చిందో ఊరంతటికీ తెలుస్తుంది. ఆ ఊరి ఆడవాళ్ళు దానిలోకి వెళ్ళడం లేదు. పాత చోటికే, చీకట్లోనే, వెళుతున్నారు.

ఇంకొకటి. గోడ ఆరడుగులే. పైన కప్పు లేదు, గాలీ వెలుతురూ రావాలని. రోడ్డు మీద నిలబడే మనిషికి లోపల కనపడదు. సరిగ్గా అప్పుడే కొబ్బరికాయల లారీ ఒకటి వచ్చి ఆగింది. కాయల గుట్ట మీద నలుగురు కూలీలు కూర్చుని ఉన్నారు. వాళ్ళకి లోపలి నేలతో సహా కనపడుతుంది. కోనసీమలో కట్టే గోడకి కొబ్బరి లారీ ఎత్తు ఎవరూ కొలవలేదు.

అన్నిటికంటే ముందు మెట్లు. మా నేల అరచేత్తో తవ్వినా నీళ్ళొస్తాయి. అందుకని దొడ్డి ఎత్తుగా కట్టక తప్పదు. అది నాకూ తెలుసు. కానీ మెట్లు నిటారుగా ఉన్నాయి, పట్టుకోవడానికి కమ్మీ లేదు, చివరి మెట్టుకీ తలుపుకీ మధ్య మనిషి తిరిగే జాగా లేదు.

మేం వచ్చామని తెలిసి ఆ ఊరి ప్రెసిడెంటు గారు పరిగెత్తుకుంటూ వచ్చారు. నడివయసు మనిషి, ఉత్సాహవంతుడు. “అంత దూరం నుంచి మా దొడ్డి చూడ్డానికొచ్చేరాండి!” అని పొంగిపోయి, బొండాలు కొట్టించారు. నేను వద్దన్నాను. “మా ఊరొచ్చి బొండం తాగకపోతే మాకు పరువు తక్కువండి,” అంటూ అక్క చేతిలో పెట్టారు. ముందురోజు నుంచి చుక్క నీరు ముట్టని మనిషి. ఆయన నిలబడి చూస్తుంటే కాదనలేక మొత్తం తాగింది. ఆ తాగడం చూస్తే ఎంత దాహంతో ఉందో తెలిసింది.

కాసేపటికి అక్క కర్ర అందుకుంది. “లోపలికెళ్తాను.”

“అక్కా, ఆ మెట్లు ఎక్కలేవు. వీళ్ళ ఇంట్లో అడుగుదాం.”

“ఈ పూటకి ఇళ్ళు అడగడం అయిపోయింది. నేను ఎక్కకపోతే మనం ఇది చూసినట్టు కాదు. ఆ ఓవర్సీరు సోమవారం నన్నడిగితే ఏం చెప్పను?” అంది. ఆమె మొహం చూస్తే, ఇక ఆగే స్థితిలో కూడా లేదని తెలుస్తూనే ఉంది.

మొదటి మెట్టు మీద కర్ర ఊని చూసింది. కుదరలేదు. కర్ర నా చేతికిచ్చి, మెట్ల మీద రోడ్డు వైపు తిరిగి కూర్చుని, రెండు చేతులూ ఊని, ఒక్కో మెట్టూ వెనక్కి ఎక్కింది. టీకొట్టు దగ్గర మాటలు ఆగిపోయాయి. కొందరు మర్యాదకి మొహాలు తిప్పుకున్నారు. ఒకాయన సాయానికన్నట్టు లేచి నిలబడి, ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. మా అక్కని నేను చాలాసార్లు చాలా అవస్థల్లో చూశాను. అందరూ చూస్తూ ఉండగా, చూడనట్టు నటిస్తూ ఉండగా అలా ఎక్కడం మాత్రం ఆ ఒక్కసారే చూశాను.

లోపల ఇద్దరికి చోటు లేదు. కర్ర అక్క చేతికిచ్చి నేను తలుపు బయట, గంగమ్మ మెట్ల కింద నిలబడ్డాం. గంగమ్మ లారీ మీది కూలీల వైపు తిరిగి, “అటు తిరగండర్రా!” అని అరిచింది. తిరిగారు పాపం.

లోపల చెంబు పడిన చప్పుడైంది. వెంటనే అక్క కేక.

నేలలో బిగించిన బేసిను మీద ఒంటికాలితో కూర్చోవాలి, లేవాలి. గోడ నున్నగా సిమెంటు పూసి ఉంది, చెయ్యి ఆనడానికి గరుకైనా లేదు. కర్ర మీద బరువు వేసి లేవబోయింది. తడి నేల మీద కర్ర జారిపోయింది. తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంది. నేను తోశాను. గంగమ్మ వచ్చి తోసింది. చివరికి కూలీల్లో ఒకడు లారీ మీంచే గోడ మీదికి దిగి, తల పక్కకి తిప్పుకుని, చేత్తో తడిమి గడియ తీశాడు. వాడు అటు చూడకుండా ఉండడానికి పడిన పాట్లు నాకు ఇప్పటికీ గుర్తే. అక్క గోడ మూలకి ఒరిగి కూర్చుని ఉంది. చీర సర్దుకోడానికి ఎడం చేత్తో ప్రయత్నిస్తోంది. కుడిచెయ్యి మణికట్టు దగ్గర వంకర తిరిగి ఉంది.

“ముందు చీర సర్దు దయా,” అంది.

ప్రెసిడెంటు గారి మొహం పాలిపోయింది. మనుషుల్ని పిలిచారు, కుర్చీలో కూర్చోబెట్టి కిందికి దింపించారు, బాడుగ కారు తెప్పించి కొత్తపేట ఆస్పత్రికి తనే వెంట వచ్చారు. దారిలో బాధపడుతూ, “ఇలాంటివాళ్ళు కూడా వస్తారని ఎవరికి తోస్తుందమ్మా?” అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. ఆ మాట వినగానే అక్క కళ్ళు మూసుకుంది.

ఆస్పత్రిలో కుర్ర డాక్టరు నెమ్మదస్తుడు. ఎముక విరిగిందని చెప్పి, సరిచేసి పిండికట్టు వేశాడు. కళ్ళూ నాలికా చూసి, “ఒంట్లో నీరే లేదు. ప్రయాణంలో నీళ్ళు బాగా తాగాలండి,” అన్నాడు. పొద్దుట కండక్టరుకీ, వేదం చెప్పే పెద్దాయనకీ జవాబు చెప్పిన మనిషి, “ఆయ్,” అని ఊరుకుంది.

సాయంకాలం దాకా అక్కడే ఉండి, నాలుగు దాటాక అమలాపురం బస్సు ఎక్కాం. సోమవారం సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మేం దారిపొడుగునా మాట్లాడుకున్నవన్నీ ఓవర్సీరు గారికి చెప్పాను. గుమ్మం రోడ్డుకి పెడమొహంగా ఉండాలి. మెట్ల పక్కన ఏటవాలు దారి ఒకటి కావాలి. ఒక గదిలోనైనా కూర్చునేందుకు ఎత్తుదిమ్మ, పక్కన ఇనపకమ్మీ ఉండాలి. గంప పెట్టుకోడానికి లోపల అరుగు కావాలి. పెద్దపిల్లలు ఆ నాలుగు రోజుల గుడ్డలు పారేసుకోడానికి మూత ఉన్న తొట్టి, లోపలే నీళ్ళు కావాలి. నా వెంట వచ్చిన అక్క చేతికట్టు చూసి ఆయన నిజంగా నొచ్చుకున్నారు. అన్నీ విన్నారు. “ఏటవాలు వేస్తే రోడ్డు మీదకొచ్చేస్తుందండి. దిమ్మ ఎస్టిమేట్లో లేదు. గుమ్మం తిప్పితే పైవాళ్ళ చేత మళ్ళీ డ్రాయింగు పాస్ చేయించాలి, గ్రాంటు వెనక్కిపోతుంది. గోడ ఎత్తు పెంచుతానండి. కమ్మీ తప్పకుండా పెట్టిస్తాను,” అన్నారు.

రెండూ చేశారు. గోడ ఎంత పెంచారంటే లోపల పట్టపగలు చీకటి. కమ్మీ నిలబడ్డ మగమనిషి చెయ్యెత్తి పట్టుకునేంత ఎత్తులో, బస్సులో ఉన్నట్టు, బిగించారు. కూర్చున్న మనిషికి అందదు. గంగమ్మ ఒకసారి గంప బయట పెట్టి వెళ్ళింది, వచ్చేసరికి కుక్కలు లాగేశాయి. ఆ తర్వాత వెళ్ళలేదు. నా తొమ్మిదో తరగతి పిల్లలు వెళ్ళారో లేదో అడిగితే తలలు వంచుకునేవారు. అక్క కట్టు విప్పాక మణికట్టు పూర్తిగా తిరగలేదు. మిషను పిడి తిప్పడానికి పక్కన ఇంకొకరు ఉండాలి. జాకెట్ల పని క్రమంగా వేరేవాళ్ళకి పోయింది.

మళ్ళీ ఆ శనివారం దగ్గరికి వస్తాను. అమలాపురంలో బస్సు మారి, చీకటి పడే వేళకి గన్నవరం దాటాం. అక్క ముందు సీటులో, డ్రైవరు వెనకే, నా భుజానికి ఆనుకుని కూర్చుంది. డ్రైవరు లైట్లు వేశాడు. పక్కనే కాలవ, రెండో పక్క వరిచేలు. వెలుగు పడిన చోటల్లా రోడ్డు అంచున ఆడవాళ్ళు లేచి నిలబడుతున్నారు. ఇద్దరు, ముగ్గురు, ఒక్కొక్క చోట పదిమంది. చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని అటు తిరుగుతున్నారు. ముసలివాళ్ళు మోకాళ్ళ మీద చేతులు ఊని లేస్తున్నారు. వాళ్ళలో ఒకామె చంకన బిడ్డ ఉంది. పొద్దున్నుంచి ఆ వేళ కోసం ఆగినవాళ్ళు. మేం దాటాక కూర్చుంటారు, వెనక ఇంకో బండి వస్తే మళ్ళీ లేస్తారు.

ఆ దారిన నేను లెక్కలేనన్నిసార్లు వెళ్ళాను. ఎప్పుడూ పక్కసీట్లోంచి చీకటే చూశాను. డ్రైవరు ముందున్న అద్దంలోంచి చూడ్డం అదే మొదలు.

“బాబూ,” అంది అక్క, డ్రైవరుతో. “కాసేపు లైట్లు ఆర్పవా?”

“ఏవన్నారండి?”

“ఆడవాళ్ళు లేవాల్సొస్తోంది. లైట్లు ఆర్పు.”

“ఆర్పితే కాలవలో పడతావండి,” అన్నాడతను. తోసిపుచ్చినట్టు అనలేదు. తనకి చేతనైన మర్యాదగా బస్సు బాగా నెమ్మది చేశాడు. నడకలా సాగింది బస్సు. రోడ్డు పక్కన నిలబడ్డవాళ్ళు అలాగే నిలబడి ఉన్నారు, మేం ఎప్పుడు దాటుతామా అని, మొహాలు అటు పెట్టుకుని.

గంగమ్మ లేచి డ్రైవరు దగ్గరికి వెళ్ళింది. “మెల్లిగా కాదు నాయనా, బేగి పోనీ. మనం ఎంత బేగి పోతే ఆళ్ళు అంత బేగి కూకుంటారు.”

డ్రైవరు గేరు మార్చి బస్సు పరిగెత్తించాడు. ఆ ప్రయాణం మొత్తంలో మేం అడిగింది అడిగినట్టు జరిగింది అదొక్కటే.